నలభై మూరల దూరం, ఎనిమిది మూరల తెర

రాయలసీమ మొత్తం మీద, ప్రొజెక్టరు వెలిగించకుండానే బొమ్మ ఎంత పడుతుందో చెప్పగలిగిన మొదటి మనిషిని నేను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఆత్మకూరు మొదలుకొని కమలాపురం దాకా ఎక్కడ టెంటు సినిమా దిగినా, దాని యజమాని ముందు మా ఇంటికి బండి పంపేవాడు. నేను బండి దిగి, చేతులు వెనక్కి కట్టుకొని, మైదానంలో ఈ కొస నుంచి ఆ కొసకు ఒకసారి నడిచి, గాలిలోకి చూసి "ఇంత" అనేవాణ్ణి. ఆ తర్వాతే తెర గుంజలు పాతేవాళ్ళు. ఎప్పుడూ బెత్తెడు తేడా రాలేదు. పోయిన నెలలో మా కోడలు సుజాతకు ఈ సంగతంతా చెప్పాను. ఆమె మామూలుగా నా మాటల్లో సగం కోసేసి మిగతాది వింటుంది. ఆ రోజు మాత్రం స్టూలు మీదున్న కొత్త ప్రొజెక్టరు వంక దిగులుగా చూస్తూ, ఏమీ కొయ్యకుండా విన్నది.

ఆ ప్రొజెక్టరు మా అక్క కోసం వచ్చింది. మా అక్క పేరు ఓబులమ్మ. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. కమలాపురం దాటి లోపలికి పోతే వచ్చే మా మగ్గాల ఊళ్ళోనే ఇప్పటికీ కొడుకు దగ్గర ఉంటుంది. కంటి ఆపరేషనుకని కర్నూలు తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకొన్నాం. ఒక కన్ను ఓ మాదిరిగా కుదిరింది, రెండోదాని మీద ఆశ వదులుకొన్నాం. టీవీలో మనుషులు ఆమెకు తడిసి కలిసిపోయిన రంగుల్లా కనపడుతున్నారు. ఇంతలో ఊళ్ళో ఆమె కొడుకు, మా నాయన కూర్చొన్న మగ్గం మీదే, చీరకు కొత్త రకం అంచు మొదలుపెట్టాడు. జానెడు నేసి, ఫోనులో వీడియో తీసి పంపి, అమ్మ చూసి సరేనంటేనే ముందుకు నేస్తానని మగ్గం దిగి కూర్చొన్నాడు. అక్క ఫోను ముక్కు దాకా తెచ్చుకొని, అటు తిప్పి ఇటు తిప్పి, "మిడతలు ఎగుర్తాండట్టు ఉండాది. తీసుకోమ్మా," అని ఇచ్చేసింది. నాలుగు రోజులైనా మగ్గం ఆడలేదు. అప్పుడు సుజాత, గోడంత బొమ్మ చేసి చూపిద్దామని, ఈ యంత్రాన్ని తెప్పించింది.

పెట్టె మీద నూటయాభై అంగుళాల బొమ్మ అని రాసి ఉంది. గోడ మీద పడింది డెబ్బై కూడా లేదు. "మోసం మామా. తిరిగి పంపిచ్చేస్తాను," అంది సుజాత. "మోసం కాదమ్మా, నాలాగా కొంచెం సాగదీసి చెప్పింది. లోపల కాగితంలో ఇంకో చిన్న అంకె ఉంటుంది, చూడు," అన్నాను. ఉంది. ఒకటి చుక్క రెండు. అంటే గోడకు పన్నెండడుగుల దూరంలో పెడితే పదడుగుల వెడల్పు బొమ్మ. ఆరడుగుల్లో పెడితే ఐదడుగులు. ఆమె స్టూలు ఆరడుగుల్లో ఉంది. పైగా పెట్టె మీద రాసే అంగుళాలు వెడల్పువి కావు, ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా కొలిచినవి. ఐదడుగుల వెడల్పు బొమ్మను అట్లా కొలిస్తే డెబ్బైకి ఒక అంగుళం తక్కువ వస్తుంది. నూటయాభై కావాలంటే పదమూడడుగులు వెనక్కి పోవాలి, మా హాలు పదకొండే. "వంటింటి గోడ పడగొడితే వస్తుంది," అన్నాను. సుజాత నవ్వలేదు. పడగొట్టినా లాభం లేదని కూడా చెప్పాను. బొమ్మ వెడల్పు రెండింతలైతే ఎత్తూ రెండింతలవుతుంది, అంటే వెలుతురు నాలుగింతల మేర పరుచుకోవాలి. యంత్రంలో ఉన్న వెలుతురు మాత్రం అంతే. గిన్నెడు రంగులో ఒక చీర ముంచడానికీ నాలుగు చీరలు ముంచడానికీ ఎంత తేడానో, ఇదీ అంతే. అక్క కన్నుకు పెద్ద బొమ్మ కావాలి గానీ వెలిసిపోయిన బొమ్మ పనికిరాదు. అందుకని తొమ్మిదడుగుల దగ్గర ఆపి, ఏడున్నర అడుగుల బొమ్మ తీసి, కిటికీలకు దుప్పట్లు కట్టమన్నాను. సుజాత కొలిచింది. ఏడున్నర. నా వైపు చూసిన ఆ చూపుకు నాకు ఒళ్ళు పొంగిపోయి, బండ్ల సంఖ్య ఇంకో నాలుగు పెంచాను.

పక్క మంచం మీద అక్క పడుకొని ఉంది. కళ్ళు మూసుకొనే, "ఎన్ని బండ్లు వచ్చినాయిరా?" అంది. నేను దగ్గాను. సరే, ఇక్కడే ఒప్పుకొంటాను. బండి ఏదీ రాలేదు. టెంటు ఒక్కటే, కొలత ఒక్కసారే, అదీ బెత్తెడు తేడా కాదు, చెప్పుకోలేనంత తేడా వచ్చింది. అసలు ఆ లెక్క నాది కాదు. ఆ మంచం మీద పడుకొని ఉన్న మనిషిది.

మా వీధి తెల్లవారుతూనే గంజి వాసన కొట్టేది. పులిసీ పులవని గంజి, తడి నూలు, పేడ కలిపి అలికిన మట్టి, వీటన్నిటి మీదా మా నాయన కాల్చే చుట్ట. ఇప్పటికీ ఎక్కడైనా గంజి వాసన తగిలితే నాకు ఆకలి వేయదు, ఎవరో కేకేసి లేపుతున్నట్టు ఉంటుంది. పొద్దెక్కక ముందే వీధి పొడుగునా పడుగు పరిచేవాళ్ళు. ఒక కొసన దారాలన్నిటినీ ముడివేసి గుంజకు కట్టేవాళ్ళు. ఆ ముడి దగ్గర పిడికెడు ఉన్న దారాలు, పోనుపోను విచ్చుకొంటూ, రెండో కొసన దువ్వెన పళ్ళలాంటి అచ్చు దగ్గరికి వచ్చేసరికి చీర వెడల్పు అయ్యేవి. తెగిన పోగులు వెతికి అతకడం మా అక్క పని. ఆమె వంగి నడుస్తూ పోతే, వేలు పెట్టిన చోటల్లా తెగిన పోగు ఉండేది. నేను వెనకాల నడుస్తూ కబుర్లు చెప్పేవాణ్ణి. అది నా పని.

మా నాయనకు వీధిలో ఒక హోదా ఉండేది. మా ఊళ్ళో మూర అంటే ఆయన మూరే. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఆయన చెయ్యి ఆనించి చెప్పిందే కొలత. ఇద్దరు గుడ్డ దగ్గర పోట్లాడుకొంటే ఆయన్ని పిలిచేవాళ్ళు. ఆయన పోయి, కండువా భుజాన వేసుకొని, మాటా పలుకూ లేకుండా కొలిచి, లెక్క చెప్పి వచ్చేసేవాడు. వయసులో ఉన్నప్పుడు తన మూరకు సరిగ్గా నల్లతుమ్మ బద్ద ఒకటి కోయించి, మగ్గం కట్టించినప్పుడు అచ్చు వెడల్పు దాంతోనే పెట్టించాడంట. తర్వాత ఆ బద్ద మేకుకు వేలాడుతుండేది. అది మా బోటి పిల్లకాయలకు. ఆయన చెయ్యి ఆయనకుంది. భోజనం దగ్గర కూర్చొంటే సంగటి ముద్దను అరచేతితో ఒత్తి, నడిమి వేలితో గుంట చేసి, అందులో ఊరుబిండి పచ్చడి పెట్టుకొనేవాడు. ఏళ్ళ తరబడి మగ్గం తాడు లాగి లాగి ఆ వేలు కొక్కెంలా వంగిపోయింది. గుంట చెయ్యడానికే దేవుడు వంచినాడని మేము చాటుగా నవ్వుకొనేవాళ్ళం.

ఖాదర్ సాబ్ సినిమా టెంటు మా ఊరి బయట దిగిన ఏడాది, ఈదురుగాలికి ఆయన తెర నిలువునా చిరిగింది. పాతది నాలుగు ముక్కల తెర. బొమ్మలో ఎవరు వచ్చినా మొహాన గీతలు పడేవి. మా నాయన దగ్గరికి వచ్చి, "ఓబులప్పా, అతుకుల్లేని తెర నేస్తావా?" అన్నాడు. "ఒక్క అతుకు. అంతకు తగ్గదు," అన్నాడు నాయన. మా పెద్ద మగ్గం మీద మూడు మూరల వెడల్పు గుడ్డ వచ్చేది. రెండు గుడ్డలు ఒకదాని కింద ఒకటి కలిపి కుడితే ఆరు మూరల ఎత్తు. ఖాదర్ సాబ్ సంతోషపడి ఇంకో మాట కూడా అన్నాడు. టెంటు కుట్లు వేసే పాత కుట్టు మిషను ఒకటి ఆయన బండిలో పడి ఉంది. తెర సరిగ్గా కుదిరితే ఆ మిషను మా ఇంట్లోనే పెట్టి పోతాననీ, టెంటు గుడ్డల పనంతా మా అక్కకే అప్పజెబుతాననీ. ఆ మాట విన్నప్పటి నుంచి మా అక్క, ఎవరూ చూడనప్పుడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి, మిషను తొక్కినట్టు తొక్కుకొంటూ ఉండేది. నాకు కనపడితే "చీమలు కుట్టినాయిరా," అనేది.

తెర పొడుగు ఎంత ఉండాలో ఎవరికీ తెలియదు. గుంజలు అప్పటికే పాతేశారు. యంత్రం పెట్టే గది నాపరాళ్ళు నిలబెట్టి కట్టింది, జరగదు. ఖాదర్ సాబ్ ఒక పగటి పూట యంత్రాన్ని మా ఇంటికే మోయించాడు. ఎదురింటి నుంచి వైరు లాగి, మగ్గాల కొట్టం తలుపులకు గోనెపట్టాలు కట్టి వెలిగించాడు. పది మూరల దూరాన ఉన్న గోడ మీద రెండు మూరల బొమ్మ పడింది. అందరం బొమ్మను చూశాం. మా అక్క మాత్రం చుట్ట పొగలో కనిపిస్తున్న వెలుతురు దారిని చూసింది. "నాయనా, ఇది పడుగే," అంది. "యంత్రం మూతి దగ్గర ముడి ఉండాది. ఈడికొచ్చేసరికి విచ్చుకొంటాంది. ఐదు మూరలు పోతే మూరెడు, పది పోతే రెండు. యాడ అచ్చు పెడితే ఆడికి అంత వెడల్పు." ఖాదర్ సాబ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకొని, "ఇరవై ఏండ్ల నుంచి బొమ్మలేస్తాండా, ఈ మాట నాకెవురూ చెప్పలేదమ్మా," అన్నాడు. అదే ఆ చిన్న అంకె. కాగితంలో ఒకటి చుక్క రెండు అని రాసేది అదే. ఆ యంత్రానికి అది ఐదు.

ఇక మిగిలింది నాపరాళ్ళ గది నుంచి గుంజల దాకా ఎన్ని మూరలో కొలవడం. నాయన మేకుకున్న బద్ద తీసి నా చేతికిచ్చి, "దీంతోనే కొలువు. నీ చెయ్యి పెట్టొద్దు," అన్నాడు. ఆ బద్దతో నేను దారిలో సీతాఫలాలు రాలగొట్టాను. అది కొమ్మల్లో చిక్కుకొంది. ఇంకేం చేస్తాను, మోకాళ్ళ మీద పాకుతూ, పల్లేరుకాయలు గుచ్చుకొంటుంటే, నా చేత్తోనే కొలిచాను. నలభై వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు రాళ్ళు విసిరి బద్దను దించి, ఏమీ ఎరగనట్టు మేకుకు తగిలించాను. నలభైకి ఎనిమిది మూరల తెర అని లెక్క తేలింది. నాయన నేసి, ఎనిమిదేసి మూరలు చేత్తో కొలిచి కత్తిరించాడు. అక్క రెండింటినీ కలిపి, చుట్టూ అంచు కుట్టింది. అన్నం తినేటప్పుడు కూడా సూది జాకెట్టుకే ఉండేది.

దీపాలు పెట్టే వేళకు తెర కట్టారు. వెయ్యి మంది వచ్చారని చాలా చోట్ల చెప్పాను. నూరు మంది ఉంటారు, కంచె దూరినవాళ్ళతో కలిపి. యంత్రం వెలిగింది. తెర మీద ఒక పెళ్ళి జరుగుతోంది. పైనా కిందా బొమ్మ గీత గీసినట్టు గుడ్డకు సరిపోయింది. అటూ ఇటూ మాత్రం జానెడేసి బయటికి పోయింది. పెళ్ళికొడుకు గుడ్డ మీద ఉన్నాడు, పెళ్ళికూతురు సగం గుడ్డ మీద, సగం చీకట్లో. ఎవరో ఈల వేసి, "ఏమప్పా, పెండ్లికూతురు లేచిపోతాంది!" అన్నారు. అందరూ నవ్వారు. మా నాయన నవ్వలేదు. ఆయన చూపు గుడ్డ కొస మీదే ఉంది. మా వీధివాళ్ళందరి ముందు ఆయన కొలతను చూసి నవ్వడం అదే మొదటిసారి. నేను నాయన కంటే పొడుగు. నా చెయ్యీ పొడుగే. నా మూర పెద్దదైతే నలభై అన్నది ఆయన మూరల్లో ఇంకా ఎక్కువ. దూరం ఒక చేత్తో, గుడ్డ ఇంకో చేత్తో కొలిస్తే తెర చాలకపోక ఏమవుతుంది?

నోరు తెరిచి చెప్పబోయాను. చెప్పబోయాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకొంటున్నాను, నిజానికి ఖాదర్ సాబ్ వెనక నక్కాను. మా అక్క ముందుకు వచ్చింది. "నేనే నాయనా. అంచు కుట్టేటప్పుడు మడత ఎక్కువేసినా. గుడ్డ మింగేసినా," అంది. నాయన శ్వాస వదిలాడు. వీధి పెద్దలూ వదిలారు. "మడత తెలీనిదానికి మిషనెందుకు, తీసుకపో సాబూ," అన్నాడు నాయన. మిషను బండిలోనే ఉండిపోయింది, టెంటుతో పాటు ఆత్మకూరు వైపు వెళ్ళిపోయింది. ఖాదర్ సాబ్ ఎవరితోనో తెరకు అటూ ఇటూ పీలికలు అతికించుకొన్నాడని విన్నాం. మా అక్క మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు ఆడించలేదు. చీమలు కుట్టడం ఆగిపోయింది.

అదొక్కటి నేను ఎవరికీ చెప్పలేదు. చెయ్యనివి చేశానని లక్ష చెప్పాను గానీ, చేసిన ఈ పని మాత్రం చెప్పలేదు. ఇప్పుడు సుజాత చేతిలో ఎర్ర చుక్క వేసి దూరం చెప్పే కొలత పెట్టె ఉంది. దానికి పొడుగు చెయ్యీ పొట్టి చెయ్యీ లేదు, దానికి వయసు రాదు, అబద్ధం చెప్పి దాన్ని ఎవరూ కాపాడాల్సిన పని లేదు. ఆ సాయంత్రం అది తొమ్మిదడుగులని చెప్పింది. దుప్పట్లు కట్టిన గదిలో, గోడ మీద ఏడున్నర అడుగుల మేర, మా ఊరి మగ్గం వెలిగింది. ఒక్కో పోగు చిటికెన వేలంత లావు. అక్క మంచం మీద నుంచి లేచింది. గోడ దగ్గరికి పోయి, ఆ వెలుతురులో నిలబడి, మోచెయ్యి ఆనించి బొమ్మను ఒక కొస నుంచి కొలుచుకొంటూ పోయింది. ఐదు మూరలు. తర్వాత వెనక్కి వచ్చి, కన్ను చికిలించి చాలాసేపు చూసి, "అంచు బాగుండాది. కుడి పక్క రెండో పోగు వదులైంది, బిగించమను. ఇంక నెయ్యమను," అంది. సుజాత ఫోను చేయడానికి లోపలికి పోయింది.

గదిలో మేమిద్దరమే. ఇంత మంచి లెక్క చెప్పి, ఇంత బొమ్మ తెప్పించినవాణ్ణి, ఒప్పుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. గోడకు అడ్డంగా నిలబడి, గొంతు సవరించుకొని, సీతాఫలాలు, చిక్కుకొన్న బద్ద, పల్లేరుకాయలు, నా పొడుగు చెయ్యి, అన్నీ చెప్పాను. "నీ మిషను పోగొట్టింది నేనక్కా," అన్నాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నీ చేతికేమైందిరా? ఆ బద్దా, నీ చెయ్యీ ఒకటే పొడుగు. బద్దకు సీతాఫలం జిగురు అంటుకొని ఉంటే అనుమానమొచ్చి, మద్యానం నువ్వు గురక పెడతాంటే నీ చేతికి ఆనిచ్చి చూసినా. సరిగ్గానే కొలిచినావు."

"మరి తెర చాలలేదు కదక్కా?"

"నీ కొలత తప్పయింటే పైనా కిందా గూడా బొమ్మ బయటికి పోవాల గదా. పోయిందా? ఎత్తు బద్దతో పెట్టిన అచ్చు కొలిచింది, సరిపోయింది. పొడుగు నాయన చెయ్యి కొలిచింది, సాలలే. నాయన నడిమేలు ఎట్లుండె? సంగటి కాడ నవ్వుకొంటాంటిమే, అదే. వేలు వంగిపాయె. మూరకు రెండంగుళాలు తగ్గిపాయె. ఆయనకు తెలీదు."

"నీకు తెలుసా?"

"పడుగు అతికేదాన్ని నాకు తెలీకుండా ఉంటాదా? చీరలు పొట్టిగా దిగుతాంటే చూస్తానే ఉంటి."

"మడత ఎక్కువేసినా అన్నావే?"

"మడత యాడేసినా? గుడ్డ సాలదని నూలుపోగంత సన్నంగా అంచు కుట్టినా. వీధంతా ఆయన మూర మీద నడుస్తాండె. ఆ పొద్దు వేలు సంగతి బయటపడితే మనిషి మిగుల్తాడా? మిషను పోతే పోయింది."

అరవై ఏళ్ళుగా మోసిన తప్పు కాళ్ళ దగ్గర పడిపోతే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీ జన్మకు నువ్వు సరిగ్గా కొలిచింది అదొక్కటేరా సుబ్బరాయా," అంది మా అక్క. "దాన్ని గూడా తప్పని చెప్పుకొంటాండావు. పక్కకు జరుగు. అంచు మీద నీ తల పడతాంది."